ఎలక్ట్రిక్ గిటార్ సెటప్, 4వ పాఠం: తీగల ఎత్తు, పికప్ ఎత్తు

పోయిన పాఠం తర్వాత వచ్చిన మెయిళ్లలో చాలావాటిది ఒకటే గోడు: "యాక్షన్ తగ్గింది గానీ తీగలు జర్రుమంటున్నాయి సార్." మోగవా మరి! యాక్షన్, అంటే ఫ్రెట్ల (నెక్ మీది లోహపు గీతల) పైన తీగల ఎత్తు, దించడానికి నెక్ లోపలి కడ్డీ ట్రస్ రాడ్‌ని తిప్పేశారు. నెక్ ఎంత వంగాలో చూడటం వరకే రాడ్ పని. తీగ ఎత్తు మార్చాల్సింది బ్రిడ్జి మీద తీగలు ఆనే చిన్న దిమ్మెలు, శాడిళ్లతో.

కాబట్టి ముందు పాత లెక్క సరిచేద్దాం. మోత మొదటి అయిదు ఫ్రెట్లలోనే ఉంటే నెక్ మరీ తిన్నగా అయిపోయినట్టు. రాడ్‌ను గడియారం ముల్లుకు ఎదురు దిశలో కొద్దిగా వదలండి, ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. 12వ ఫ్రెట్ దాటాక మోగితే శాడిల్ కిందికి దిగిందని అర్థం. ఒకే ఒక్క చోట మోగితే పక్క ఫ్రెట్ లేచి ఉంటుంది. దాన్ని మీరు ముట్టుకోకుండా చేయి తిరిగినవాళ్లకి ఇవ్వండి. ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) వినపడని చిన్న మోతని నేనసలు పట్టించుకోను.

నెక్ వంపు తెలియడానికి మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, 8వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడమన్నాను కదా. 0.25 మి.మీ. దగ్గర్లో ఉంటే చాలు. ఆ సందు కొలిచే సన్నని రేకులు, ఫీలర్ గేజ్, దొరకలేదని రాసినవాళ్లు మ్యూజిక్ షాపులు మానేసి చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో స్పేర్ పార్టుల షాపుల్లో అడగండి. బైక్ ట్యాపెట్లు సెట్ చేసేది అదే.

వేళచ్చేరి నుంచి ఒకాయన, పగలు బాగున్న గిటార్ రాత్రి మోగుతోందన్నారు. పగలంతా హాల్లో చెన్నై తేమలో, రాత్రి ఏసీ గదిలో ఉంటే నెక్ కదలదా? ఏ గదిలో వాయిస్తారో ఆ గదిలోనే కొన్ని గంటలు ఉంచి కొలవండి.

ఇక యాక్షన్. శ్రుతి చేసి, 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగుకి కొలవండి. లావుపాటి ఆరో తీగకి 2 మి.మీ., సన్నని ఒకటో తీగకి 1.5. మధ్య తీగలు ఫింగర్‌బోర్డు వంపుని అనుసరిస్తాయి. ఇంకా దించమని అడక్కండి, బెండ్ చేస్తే (తీగని పక్కకి లాగితే) స్వరం చచ్చిపోయే గిటార్ నాకు నచ్చదు. స్కేలు లేకపోతే నా అడ్డదారి: పాత ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ. రెండు కలిపితే 1.5. అంకెలు ఉబ్బెత్తుగా ఉన్న కార్డు మాత్రం వద్దు.

అసలు తలనొప్పి, తీగ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్‌తో. "సౌండ్ పెరుగుతుందని పైకంటా లేపాను" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సౌండ్ కావాలంటే ఆంప్‌కి నాబ్ ఉంది! ఫెండర్ కంపెనీ స్ట్రాట్ గిటార్‌లో ఉండేలాంటి సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌లో సాధారణంగా పోల్ పీసులే, అంటే తీగల కింద కనిపించే లోహపు బొడిపెలే, అయస్కాంతాలు. దగ్గరికొస్తే తీగని లాగుతాయి, తీగ స్వేచ్ఛగా ఊగలేదు. ఆరో తీగని 12వ ఫ్రెట్ పైన వాయించి చూడండి: ఒక్క స్వరమే రెండుగా చీలి వావ్ వావ్ అని కొట్టుకుంటుంది. తంబురా బ్రిడ్జి మీద దారం పెట్టి రప్పించే నాదం అందం, ఇది రోగం. ట్యూనర్ ముల్లు కూడా నిలవదు. అప్పుడేం చేస్తారు? ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లో శ్రుతి సరిగ్గా పలకడం) పోయిందని శాడిల్‌ని వెనక్కి ముందుకి జరుపుతారు. జరిపి జరిపి స్క్రూ తల అరగ్గొడతారు. కొత్త తీగలు కొంటారు. చివరికి గిటార్ మంచిది కాదంటారు. దించాల్సింది నెక్‌కి దగ్గరగా ఉండే నెక్ పికప్, అదీ ఆరో తీగ వైపు.

చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పోల్ పీస్ పైకి కొలవాలి. నొక్కకుండా కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. మామూలు సింగిల్ కాయిల్‌కి ఫెండర్ చెప్పే కొలత ఆరో తీగ వైపు 2 మి.మీ., ఒకటో తీగ వైపు 1.6. నేను నెక్ పికప్‌ని ఆరో తీగ వైపు, తీగకి మూడు కార్డుల మందమంత దూరం ఉండేలా దించేస్తాను. మధ్య పికప్ పిక్‌కి తగులుతుంది, అందుకని దాన్ని ఇంకా కిందే ఉంచుతాను. రెండు కాయిళ్లుండే పికప్ హంబకర్‌లో అయస్కాంతం కాయిళ్ల అడుగున ఉంటుంది, లాగుడు తక్కువ. రెండు వైపులా 1.6 దగ్గర మొదలుపెట్టండి.

స్క్రూని బిగిస్తే పికప్ పైకొస్తుంది, వదిలితే దిగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహిస్తారు. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని కూడా లాక్కుంటుంది. మొన జారి కాయిల్‌కి తగిలితే వెంట్రుక కన్నా సన్నని రాగితీగ తెగుతుంది, పికప్ మూగబోతుంది. మీద ఒక గుడ్డ కప్పండి.

సాధన: నెక్ పికప్‌ని పూర్తిగా దించండి. అరచుట్టు చొప్పున లేపుతూ, ప్రతిసారీ శ్రుతి చూసుకుని, ఆరో తీగని 12, 15, 17 ఫ్రెట్లలో వాయించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. వావ్ వావ్ మొదలైన ఎత్తు రాసుకుని రెండు చుట్లు దించండి. మిగతా రెండు పికప్‌లకీ ఇలాగే. ఆరు తీగలకీ చేయండి, ఆరో తీగతో ఆపేసి పంపితే వినను. తర్వాతి పాఠం ఇంటొనేషన్. ఈ కొలతలు లేనివాళ్లు శాడిల్ పొడవు స్క్రూ జోలికి వెళ్లొద్దు.