స్నాప్ అనుమతికి దరఖాస్తు: ఫారం కన్నా ముందు అరలు చూసుకోండి

అమెరికాలో కిరాణా దుకాణమో, పెట్రోలు బంకు పక్కన చిన్న స్టోరో నడుపుతూ స్నాప్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) లబ్ధిదారుల ఈబీటీ కార్డులు, అంటే ఆ సాయం సొమ్ము జమయ్యే కార్డులు తీసుకోవాలంటే, వ్యవసాయ శాఖలో ఈ పథకాన్ని చూసే ఎఫ్‌ఎన్‌ఎస్ విభాగం అనుమతి ఉండాలి. రుసుమేమీ లేదు. ఆ విభాగం వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి 252వ నంబరు ఫారం నింపాలి. ఫొటో గుర్తింపు కార్డు, సోషల్ సెక్యూరిటీ నంబరుకు రుజువు, వ్యాపార లైసెన్సు పంపాలి. టెక్సాస్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో యజమాని భార్య లేదా భర్త వివరాలు కూడా అడుగుతారు.

కాగితాల పని ఇంతే. చిక్కంతా అరల దగ్గరే.

అనుమతి రావాలంటే దుకాణంలో ఉంచాల్సిన ముఖ్య ఆహార సరుకులు కూరగాయలు-పండ్లు, పాల పదార్థాలు, మాంసం-చేపలు, రొట్టె-ధాన్యాలు అని నాలుగు వర్గాలు. 2018 నుంచి అమలైన లెక్క ప్రకారం ఒక్కో వర్గంలో మూడు రకాలు, ఒక్కో రకం మూడేసి ప్యాకెట్లు లేదా డబ్బాల చొప్పున మొత్తం 36 ఉండాలి. కనీసం రెండు వర్గాల్లో త్వరగా పాడయ్యే సరుకు ఒక్కటైనా కనిపించాలి. గడ్డకట్టించినవీ ఈ లెక్కలోకి వస్తాయి కాబట్టి చిన్న ఫ్రీజరు ఉన్నా గట్టెక్కవచ్చు.

‘రకం’ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. మూడు కంపెనీల పాలు పెడితే మూడు రకాలు కావు, ఒక్కటే. ఆపిల్ పండు, ఆపిల్ రసం కూడా ఒక్కటే. పాలు, పెరుగు, చీజ్ పెడితే మూడు. చిప్స్, బిస్కెట్లు, కాఫీ పొడి ఎంత పేర్చినా లెక్కకు రావు.

2014 ఫార్మ్ బిల్లు (అమెరికా వ్యవసాయ, ఆహార పథకాల చట్టం) వర్గానికి ఏడు రకాలు కావాలంది. ఏళ్ల తరబడి అది ఆగిపోయినా, 2025 సెప్టెంబరులో మళ్లీ ప్రతిపాదన వచ్చింది. దరఖాస్తు చేసే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో చూసుకోండి. నన్నడిగితే, ఇప్పుడే ఏడుకు సిద్ధపడటం మేలు.

దరఖాస్తు పూర్తిగా అందాక 45 రోజుల్లో నిర్ణయం చెబుతారు. ఈలోగా విభాగం తరఫున ఒకరు దుకాణానికి వచ్చి అరల ఫొటోలు తీసుకుంటారు. ఆ రోజు ఏదైనా సరుకు అయిపోయి ఉంటే, అంతకుముందు 21 రోజుల్లోపు కొన్న బిల్లు చూపవచ్చు. అందుకే టోకు బిల్లులు పారేయకండి.

సరుకు చాలలేదని తిరస్కరిస్తే మళ్లీ దరఖాస్తు చేయడానికి ఆరు నెలలు ఆగాలి. నిర్ణయం తప్పనిపిస్తే లేఖ అందిన పది రోజుల్లో సమీక్ష కోరాలి. అనుమతి వచ్చినా కనీసం ఐదేళ్లకోసారి అర్హతను మళ్లీ పరిశీలిస్తారు.

మినియాపొలిస్‌లో దుకాణమైతే ఇంకో మెట్టు ఉంది. కిరాణా లైసెన్సు ఉన్నవారు పాలు, గుడ్లు, పండ్లు, ముడి ధాన్యాల వంటివి నిర్ణీత పరిమాణంలో ఉంచాలని ఆ నగరం 2008లోనే చట్టం చేసి, 2014లో సవరించింది. స్నాప్ అనుమతి చూపినంత మాత్రాన ఆ తనిఖీ తప్పదు. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని సరుకు తెప్పించుకోండి.