పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయట్లేదా? ముందు ఇది చూడండి

ఇంటి కెమెరా బయటి నుంచి కనిపించాలని పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని రౌటర్ ఇంట్లోని పరికరానికి పంపే సెట్టింగు) పెట్టి రెండు రోజులు రౌటర్‌తో కుస్తీ పట్టాను. అసలు తప్పు అక్కడ లేదు.

రౌటర్ పేజీ తెరిచి (చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1) స్టేటస్‌లో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటి లైన్ వైపు ఉన్న నంబరు) రాసుకోండి. అదే వైఫైలో, వీపీఎన్ ఆపేసి, ఐపీ చూపించే ఏదైనా సైట్ తెరవండి. కోలన్లతో పొడుగ్గా కనిపించేది ఐపీవీ6, దాన్ని వదిలేసి చుక్కల నంబరు పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ సెట్టింగులే మళ్లీ చూసుకోవాలి. వేరుగా ఉండి, వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపు ఉంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (బయటి ఇంటర్నెట్‌కి కనిపించే నంబరు) చాలామందికి పంచుతున్నట్టే, అందుకే బయటి కనెక్షన్ మీ రౌటర్‌దాకా రాదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి పబ్లిక్ ఐపీ అడగండి, దానికి విడిగా డబ్బు కట్టమనవచ్చు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం తొందరపడి ఫోన్ చేయకండి. మీ ఇంట్లోని మోడెమే ఇంకో రౌటర్‌లా పనిచేస్తుండవచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్‌ని మీ రౌటర్‌కే వదిలేసే సెట్టింగు) పెట్టి మళ్లీ పోల్చండి.