పాత కారు కొన్నారా? ముందు హెడ్‌లైట్ల సంగతి చూడండి: మిస్సోరీకి కొత్తగా వచ్చినవాళ్లకి

వారెన్స్‌బర్గ్‌కో మేరీవిల్‌కో చదువుకోడానికి వచ్చిన మనవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే కారు కొంటారు, అదీ నలుగురు కలిసి, లక్ష మైళ్లు దాటిన కామ్రీయో కరోలానో సివిక్కో. తప్పేం లేదు, బస్సులు లేని ఊళ్లో కారు లేకుండా గడవదు. కానీ కొనేముందు ఇంజిన్ చూస్తారు, టైర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు, హెడ్‌లైట్లు మాత్రం ఎవరూ చూడరు, ఎందుకంటే కారు చూడ్డానికి వెళ్లేది పగటిపూట. ఆ తర్వాత డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోయి, కాన్సాస్ సిటీ ఎయిర్‌పోర్టు నుంచి జూనియర్లని ఎక్కించుకుని యూఎస్ 50 హైవే మీద వస్తుంటే అప్పుడు తెలుస్తుంది ముందు ఏమీ కనబడట్లేదని. ఇక్కడ ఊరు దాటితే వీధి దీపాలుండవు, అక్టోబర్, నవంబర్ నెలల్లో జింకలు రోడ్డు మీదకి దూకుతుంటాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సరే, లైటు తక్కువగా ఉందనగానే అందరికీ తట్టే మొదటి ఆలోచన ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ బల్బులు ఆర్డర్ పెట్టడం. మన దగ్గర స్విఫ్ట్‌కో బుల్లెట్‌కో షాపులో కూర్చుని మార్పించుకున్నట్టే ఇక్కడా ఇంట్లో మార్చేసుకుందాం అనుకుంటారు. దయచేసి ఆగండి. చాలా పాత కార్లలో తగ్గింది బల్బు వెలుగు కాదు, ముందున్న ప్లాస్టిక్ అద్దం మసకబారింది. దాన్ని అలాగే ఉంచి లోపల ఎంత మంచి బల్బు పెట్టినా వెలుగు చెదిరిపోయి ఎదుటివాడి కళ్లలో పడుతుందే తప్ప మీ రోడ్డు మీద పడదు.

ఆ అద్దం పాలీకార్బొనేట్, ప్లాస్టిక్ అన్నమాట. దాని మీద కంపెనీ వేసిన యూవీ పూత ఉంటుంది, కొన్నేళ్లు ఎండలో నిలబడేసరికి అది పోయి పసుపు రంగుకి తిరుగుతుంది. ట్రిపుల్ ఏ (అమెరికాలో వాహనదారుల సంఘం) 2018లో పరీక్ష చేసి చూస్తే, బాగా పసుపెక్కిన హెడ్‌లైట్లు కొత్తవాటితో పోలిస్తే ఐదో వంతు వెలుగు మాత్రమే ఇస్తున్నాయని తేలింది. అదే పరీక్షలో అద్దం రుద్ది పాలిష్ చేస్తే దాదాపు డెబ్బై శాతం దాకా తిరిగి వచ్చింది. ఇరవై, పాతిక డాలర్ల కిట్‌తో, ఒక శనివారం మధ్యాహ్నంలో అయ్యే పని ఇది.

కిట్ 3ఎమ్‌ది కావచ్చు, సిల్వేనియాది కావచ్చు, ఏదైనా పర్లేదు, కానీ చివర్లో వేసే యూవీ పూత అందులో ఉందో లేదో చూసి కొనండి. అది లేకపోతే ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ పసుపు వచ్చేస్తుంది. టూత్‌పేస్ట్‌తో రుద్దే వీడియోలు చూసి మోసపోకండి, అది పైపైన మెరుపు ఇస్తుంది కానీ పూత వేయదు కదా. ముందు సబ్బునీళ్లతో శుభ్రంగా కడిగి, చుట్టూ ఉన్న పెయింట్‌కి మాస్కింగ్ టేప్ రెండు వరసలు అంటించండి, ఇది బద్ధకించొద్దు, శాండ్‌పేపర్ ఒక్కసారి బానెట్ అంచుకి తగిలినా పెయింట్ పోతుంది. తర్వాత గరుకు ఎక్కువున్న పేపర్‌తో మొదలుపెట్టి (సాధారణంగా 800 లేదా 1000), 2000, 3000 దాకా వెళ్లాలి, ప్రతిసారీ నీళ్లు చల్లుతూ, అద్దం ఎప్పుడూ తడిగా ఉండాలి. మొదటి పేపర్ తర్వాత అద్దం ముందుకంటే అధ్వానంగా, తెల్లగా పాలు పోసినట్టు అయిపోతుంది. చాలామంది అక్కడ కంగారుపడి ఆపేస్తారు, టెన్షన్ పడకండి, అది అలాగే అవ్వాలి, పాత పూత ఊడుతోందని అర్థం. పసుపు నీళ్లు కారడం ఆగి తెల్లటి నీళ్లు వచ్చేదాకా మొదటి పేపర్ వదలొద్దు. చివరికి ఆరనిచ్చి, రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, యూవీ పూత ఒకే వైపు నుంచి ఒకే వైపుకి, ఆగకుండా వేయండి. వేశాక కిట్ మీద రాసినంత సేపు తడి తగలకూడదు. కాబట్టి వాన, మంచు లేని రోజు చూసుకోవాలి, చలి ఎక్కువున్నప్పుడు పూత సరిగా పట్టదు, అందుకే సెప్టెంబర్‌లోనే చేసేయమంటాను. లోపలి వైపు నీళ్లు చేరి మసకబారితే మాత్రం బయట ఎంత రుద్దినా లాభం లేదు, అప్పుడు మొత్తం యూనిట్, అంటే అద్దంతో సహా హెడ్‌లైట్ మొత్తం, మార్చడమే.

ఇక బల్బు. మీ కారుకి ఏ బల్బో ఓనర్స్ మ్యాన్యువల్‌లో ఉంటుంది, పుస్తకం లేకపోతే కంపెనీ సైట్‌లో దొరుకుతుంది. ఉదాహరణకి 2007 నుంచి 2011 దాకా వచ్చిన కామ్రీల్లో లో బీమ్‌కి (దగ్గరికి, కిందికి పడే వెలుగు) హెచ్11, హై బీమ్‌కి (దూరానికి పడే వెలుగు) 9005 రకం బల్బులు. 2006–2011 సివిక్‌లో లో బీమ్ 9006. 2014 తర్వాతి కరోలాల్లో అయితే లో బీమ్ కంపెనీ నుంచే ఎల్‌ఈడీ, అక్కడ మీరు మార్చేందుకు బల్బు అంటూ ఉండదు, కొనేటప్పుడే రెండు వైపులా సరిగ్గా వెలుగుతోందో లేదో చూసుకోండి, ఎందుకంటే అది పోతే యూనిట్ మొత్తం కొనాలి, వందల డాలర్లవుతుంది. హాలోజన్ బల్బు (లోపల ఫిలమెంట్ ఉండే మామూలు బల్బు) పాతబడేకొద్దీ కొంచెం కొంచెంగా వెలుగు తగ్గుతుంది, మన కళ్లు అలవాటుపడిపోయి గమనించవు. అందుకే ఒకటి పోయినప్పుడు రెండూ కలిపి మార్చండి.

మార్చడం పెద్ద పనేం కాదు. కారు ఆపి, లైట్లు ఆర్పి, బల్బు చల్లారేదాకా ఆగి, బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక చెయ్యి పెడితే కనెక్టర్ తగులుతుంది. దాని మీదున్న చిన్న క్లిప్ నొక్కి పట్టుకుని లాగాలి, వైర్లు పట్టుకుని లాగొద్దు, పాత కార్లలో ఆ ప్లాస్టిక్ పెళుసుబారిపోయి ఉంటుంది. బల్బుని ఎడమ వైపుకి పావు వంతు తిప్పితే ఊడి వస్తుంది. కొత్త బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి, చేతి నూనె అంటితే అక్కడ వేడి ఎక్కువై తొందరగా పేలిపోతుంది, గ్లవ్స్ వేసుకోండి, పొరపాటున ముట్టుకుంటే ఆల్కహాల్‌తో తుడిచేయండి. కొన్ని కార్లలో బ్యాటరీయో ఎయిర్ ఫిల్టర్ పెట్టెయో అడ్డొస్తుంది, కొన్నిట్లో చక్రం లోపలి ప్లాస్టిక్ కవర్ విప్పి చెయ్యి పెట్టాల్సి వస్తుంది, మొదలుపెట్టేముందే మీ మోడల్ పేరుతో ఒక వీడియో చూసుకోండి.

ఎల్‌ఈడీ ఎందుకొద్దంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే వాదన వస్తుంది. హాలోజన్ హెడ్‌లైట్ లోపల వెలుగుని తిప్పి పంపే రిఫ్లెక్టర్లు, బల్బులోని ఆ సన్నటి ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసినవి. ఆ చోటు నుంచి వచ్చిన వెలుగునే అవి రోడ్డు మీదకి సరైన ఆకారంలో పంపుతాయి. ఎల్‌ఈడీ బల్బులో వెలుగు వచ్చేది బల్లపరుపు చిప్‌ల నుంచి, అది కూడా రెండు పక్కల నుంచి. అందుకే వెలుగు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది, కారు ముందు పది అడుగులు తెల్లగా మెరిసిపోతుంది, దూరం మాత్రం చూపించదు, పైగా దగ్గరి వెలుగుకి కళ్లు అలవాటుపడి దూరంలో ఉన్న జింక ఇంకా కనబడదు. ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. రూల్స్ సంగతి కూడా ఉంది: ఇక్కడ హెడ్‌లైట్లకి కేంద్ర ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 108, దాని ప్రకారం హాలోజన్ హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు మార్చి పెట్టడానికి అనుమతి లేదు, ఆ ప్రమాణాన్ని చూసే సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ కూడా అదే చెప్పింది. హెచ్‌ఐడీ (జెనాన్) బల్బుల కిట్‌లదీ అదే పరిస్థితి. ఎల్‌ఈడీ పెట్టె మీద ఇరవై వేల ల్యూమెన్స్ (వెలుగు కొలత) అని రాసుంటుంది, మామూలు హెచ్11 బల్బు ఇచ్చేది సుమారు 1350, ఆ అంకెలు నమ్మి డబ్బులు పోసుకోకండి. నీలం ఛాయ ఉన్నవి అసలే వద్దు.

ఇంకో విషయం, చలికాలంలో హాలోజన్ బల్బు వేడికి అద్దం మీద పడ్డ మంచు కొంత కరుగుతుంది. ఎల్‌ఈడీకి ముందు వైపు ఆ వేడి ఉండదు, అద్దం మీద మంచు పేరుకుపోతుంది. కంపెనీ ఎల్‌ఈడీ ఉన్న కారైనా సరే మధ్యలో ఆపి తుడుచుకోవాల్సిందే.

అద్దం పగిలినా, లోపల నీళ్లు చేరినా, లోపలి వెండి పూత ఊడినా మొత్తం యూనిట్ మార్చాలి, నా దృష్టిలో అప్‌గ్రేడ్ అనే మాట దీనికే సరిపోతుంది. కంపెనీదైతే మంచిది, ఖరీదెక్కువ. బయటి కంపెనీవైతే కాపా (బయటి కంపెనీల విడిభాగాలని పరీక్షించే సంస్థ) సర్టిఫికెట్ ఉన్నవి చూడండి, అద్దం మీద డీఓటీ (ఇక్కడి ప్రమాణానికి సరిపోతుందని చెప్పే గుర్తు) అని అచ్చు ఉండాలి, అది కూడా తయారుచేసినవాడు తనంతట తాను వేసుకునే ముద్రే, ప్రభుత్వం పరీక్షించి వేసింది కాదు, కాబట్టి మరీ చవకగా వస్తే అనుమానించండి. ఇండియా నుంచో లండన్ నుంచో తెప్పించుకోవడం మాత్రం అస్సలొద్దు. అక్కడ ఎడమ వైపు నడుపుతారు కాబట్టి ఆ హెడ్‌లైట్ వెలుగు ఎడమ పక్కకి ఎత్తుగా పడుతుంది, ఇక్కడ అది నేరుగా ఎదుటివాడి ముఖం మీదకే.

బల్బు మార్చినా యూనిట్ మార్చినా లైటు ఎక్కడ పడుతోందో సరిచూడాలి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. సమతలంగా ఉన్న చోట, గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో కారు పెట్టండి. పని మొదలుపెట్టకముందే పాత వెలుగు గోడ మీద ఎక్కడ పడుతోందో టేప్‌తో గుర్తు పెట్టుకుంటే తర్వాత చాలా సుఖం. హెడ్‌లైట్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో టేప్ అంటించండి. లో బీమ్ వేస్తే వెలుగుకీ చీకటికీ మధ్య గీత ఆ టేప్ కంటే రెండు అంగుళాలు కింద ఉండాలి, కుడి పక్కన మాత్రం కొంచెం పైకి లేస్తుంది, అది రోడ్డు పక్క బోర్డులు కనబడ్డానికి. మీ మ్యాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. హెడ్‌లైట్ వెనక సర్దుకునే స్క్రూ ఉంటుంది, కొంచెం కొంచెంగా తిప్పండి. డిక్కీలో బియ్యం మూటలు పెట్టుకుని ఈ పని చేయొద్దు, వెనక బరువుంటే ముందు పైకి లేస్తుంది.

ఎక్కడ చేయాలన్నది కూడా ఆలోచించాలి. చాలా అపార్ట్‌మెంట్ల లీజులో పార్కింగ్‌లో కారు రిపేర్లు చేయకూడదని ఉంటుంది, చదివి చూసుకోండి, బల్బు మార్చడానికి ఎవరూ ఏమనరు గానీ బంపర్ విప్పి కూర్చుంటే నోటీసు వస్తుంది. సొంత డ్రైవ్‌వే ఉన్న సీనియర్‌ని అడగండి, అన్నా అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. పనిముట్లన్నీ కొననక్కర్లేదు, ఆటోజోన్, ఓరైలీ లాంటి షాపుల్లో చాలా పనిముట్లు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు, తిరిగిచ్చేస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారు.

మిస్సోరీలో పదేళ్లు దాటిన కారుకి గానీ లక్షా యాభై వేల మైళ్లు దాటిన కారుకి గానీ సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, మనవాళ్లు కొనేవి చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. ఫీజు 12 డాలర్లకు మించదు. హెడ్‌లైట్లు చూస్తారు, ఫెయిలైతే ఇరవై రోజుల్లోపు బాగు చేయించి అక్కడికే తీసుకెళ్తే మళ్లీ ఫీజు ఉండదు. కాబట్టి కొనేముందే అమ్మేవాళ్లని కొత్త ఇన్‌స్పెక్షన్ చేయించి ఇవ్వమని అడగండి. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు చెప్పింది ఇక్కడ చెల్లదు, టెక్సస్‌లో మామూలు కార్లకి 2025 నుంచి ఈ సేఫ్టీ ఇన్‌స్పెక్షనే తీసేశారు.

వాడకంలో మన అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. హై బీమ్ వేసుకుని పోవడం, ఓవర్‌టేక్ చేయడానికి డిప్పర్ కొట్టడం ఇక్కడ కుదరదు. ఎదుటి కారు 500 అడుగుల్లోకి వచ్చినా, ముందున్న కారుకి 300 అడుగుల్లోకి మీరు వెళ్లినా లో బీమ్‌కి దించాలి. వైపర్లు వేయాల్సిన వాన పడుతుంటే పగలైనా హెడ్‌లైట్లు వేయాలి, మిస్సోరీలో అది చట్టం. పగటి లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయి కదా అని ఊరుకోకండి, అవి వెలిగినప్పుడు చాలా కార్లలో వెనక లైట్లు వెలగవు, వానలో వెనకనుంచి వచ్చే ట్రక్కుకి మీరు కనబడరు.

ఒక బల్బు పోయిన కారుతో రాత్రి తిరిగితే పోలీసు ఆపుతాడు. మన ఊళ్లోలా దిగి ఆయన దగ్గరికి నడిచి వెళ్లొద్దు. కారు కుడి పక్కకి ఆపి, లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టుకుని ఆయన వచ్చేదాకా కదలకుండా కూర్చోండి. లైసెన్స్, ఇన్సూరెన్స్ అడిగాకే, ఎక్కడున్నాయో చెప్పి తీయండి. చాలాసార్లు హెచ్చరించి వదిలేస్తారు. టికెట్ ఇస్తే దాని మీదున్న తేదీ మర్చిపోకండి, వెంటనే బల్బు మార్చి రసీదు దాచుకోండి. ఆ తేదీకి కోర్టుకి స్పందించకుండా వదిలేస్తే చిన్న విషయం కాస్తా వారంట్ దాకా పోవచ్చు, ఏం చేయాలో అర్థం కాకపోతే అదే వారం టికెట్ మీదున్న కోర్టు నంబర్‌కి ఫోన్ చేసి అడగండి.