క్యారెట్లు అయిదు కిలోలు, తినేది ఒక్కరు

కొత్త దేశంలో మొదటిసారి సరుకులకు వెళ్లినప్పుడు చాలామంది చేసే పనే నేనూ చేశాను. విడిగా అమ్మే క్యారెట్ల కంటే పెద్ద సంచీలోవి కిలో లెక్కన బాగా చవక. అయిదు కిలోల సంచీ భుజాన వేసుకుని వచ్చేశాను. వండుకునేది నేనొక్కణ్ణే. ఫ్రిజ్‌లో నా వంతుకి వచ్చింది ఒకే ఒక్క అర. పదో రోజుకి క్యారెట్ పేరు చెబితేనే మొహం మొత్తింది. మీకు ఆ అవస్థ రాకూడదని ఇది రాస్తున్నాను.

కిలో ధర చూసి కొనడం మంచి అలవాటే, మానకండి. తోలు తీసి నున్నగా వేలెడు ముక్కలుగా అమ్మే చిన్న క్యారెట్ల ప్యాకెట్ జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి చాలావరకు పెద్దవాటిని కోసి చెక్కినవే. ఆ కోతకి డబ్బు మీరే ఇస్తారు, పైగా త్వరగా ఎండిపోతాయి. వాటి మీద తెల్లటి పొడిలా కనిపిస్తే కంగారు పడకండి, అది పైపొర ఆరడమే, బూజు కాదు.

తెచ్చిన రోజే పది నిమిషాలు కేటాయించండి. ఆకులుంటే కోసెయ్యాలి, లేకపోతే అవి దుంపలోని నీరు లాగేస్తాయి. విరిగినవీ, మచ్చ పడినవీ పక్కన పెట్టి ముందు అవే వండాలి. మిగతావి కడగకుండా, కాస్త తడి గుడ్డలో చుట్టి, ఫ్రిజ్ అడుగు అరలో పెడితే వారాల తరబడి ఉంటాయి. నేను చేసిన తప్పేంటంటే, వాటిని ఆపిల్ పళ్లతో కలిపి పెట్టాను. పండే పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది తగిలితే క్యారెట్ చేదెక్కుతుంది. కిలోన్నర అలా పాడయ్యాకే ఆ సంగతి తెలిసింది. వడలిపోయినవాటిని పారేయొద్దు. చల్లటి నీళ్లలో గంటసేపు ఉంచితే మళ్లీ గట్టిపడతాయి. జిగురుగా, వాసనగా మారినవి మాత్రం చెత్తబుట్టకే.

ఇక వంట. ఎక్కువ క్యారెట్లతో వచ్చే అసలు చిక్కు పరిమాణం కాదు, తీపి. రోజూ ఒకే తీపి నాలుక మీద పడితే ఎవరికైనా విసుగే. కాబట్టి వంటకం పేరు కంటే ముందు ఆ తీపికి ఏది జోడిస్తున్నామో చూసుకోవాలి. ఒకరోజు పులుపు, ఒకరోజు కారం, ఒకరోజు బాగా కాల్చిన మాడు రుచి. నిమ్మరసం, వెనిగర్, పెరుగు, మిరియాలు, అల్లం, ఇవి ఇంట్లో ఉంటే సగం టెన్షన్ పోయినట్టే. జీలకర్ర కూడా బాగా కలుస్తుంది. కలవక ఏం చేస్తుంది, కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పాలు, నెయ్యి, చక్కెర పోసి మిఠాయి చేద్దామని కూడా అనిపిస్తుంది. చెయ్యండి, కానీ అది పొదుపు కాదు. క్యారెట్ కంటే మిగతా సరుకుల ఖర్చే ఎక్కువవుతుంది.

మొదటి వారం నేను నూనె బాగా కాగబెట్టి వేయించబోతే పొగ అలారం మోగి పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చారు. ఇప్పుడు పద్ధతి మార్చాను. ముక్కలు, ఉప్పు, నాలుగు చెంచాల నీళ్లు బాణలిలో వేసి మూత పెడతాను. మెత్తబడి నీరు ఇగిరాక మూత తీసి, చెంచాడు నూనె, కారం వేసి రెండు నిమిషాలు వేయిస్తాను. నూనె తక్కువ, పొగ తక్కువ. అలాగని నూనె పూర్తిగా మానొద్దు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే నారింజ రంగు పదార్థం) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి.

సంచీని నిజంగా ఖాళీ చేసేది సూప్. అరకిలో క్యారెట్లు, ఒక ఉల్లిపాయ, ఒక బంగాళాదుంప కొంచెం నూనెలో వేయించి, లీటరుకి కాస్త తక్కువ నీళ్లు పోసి ఇరవై నిమిషాలు ఉడికించండి. దించి, అల్లం వేసి మెత్తగా రుబ్బి, నిమ్మకాయ పిండండి. మూడు పూటలకు వస్తుంది. వేడివేడిది మిక్సీలో పోసి మూత బిగించొద్దు, ఆవిరికి మూత ఎగిరి వంటగదంతా నారింజ రంగవుతుంది. పెద్దగా ముదిరి మధ్యలో ఈనె గట్టిపడిన దుంపలకు ఇదే సరైన దారి. తోలు తీయాల్సిన పనిలేదు, రుద్ది కడిగితే చాలు.

ఓవెన్ ఉంటే 200 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకూడదు, పడితే కాలవు, ఉడుకుతాయి. కానీ క్యారెట్ల కోసమే ఓవెన్ వెలిగిస్తే కరెంటు దండగ. వేరే ఏదైనా కాల్చే రోజున పక్క ట్రేలో పెట్టండి.

తురుము ఎందులోనైనా కలిసిపోతుంది: గిలకొట్టిన గుడ్లలో, రొట్టె పిండిలో, పప్పులో. ఖీమా వండేటప్పుడు మూడో వంతు తురుము కలిపితే మాంసం ఖర్చు తగ్గుతుంది, తినేవాళ్లకి తేడా అంతగా తెలియదు. రూమ్మేట్లకు చెప్పకుండా వడ్డించి చూశాను, ఎవరూ అడగలేదు.

అయినా మిగిలితే ఫ్రీజర్. గుండ్రటి ముక్కలు కోసి మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేసి, తడి ఆర్చి సంచుల్లో కట్టండి. ఆ రెండు నిమిషాల ఉడుకు లేకపోతే రంగు, రుచి తగ్గుతాయి. ఇవి కూరకీ, సూప్‌కీ బాగుంటాయి, పచ్చిగా తినడానికి పనికిరావు.

వెనిగర్‌లో ఊరబెట్టినవి ఇంకా తేలిక. సన్నటి ముక్కల మీద సగం వెనిగర్, సగం నీళ్లు, ఉప్పు వేసి మరిగించి పోయండి. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే తినొచ్చు. ఒక జాగ్రత్త. పులుపు లేకుండా నూనెలో ముంచిన ముక్కలుగానీ, క్యారెట్ రసంగానీ సీసాలో బిగించి బయట ఉంచకండి. గాలి ఆడని చోట పెరిగే బ్యాక్టీరియా విషం వల్ల బోట్యులిజం అనే జబ్బు వస్తుంది, అది ప్రాణాంతకం.

రోజూ చాలా క్యారెట్లు తింటూ కొన్ని వారాలు గడిస్తే అరచేతులు పసుపు రంగుకి తిరగొచ్చు. హాని లేదు, తగ్గిస్తే మెల్లగా పోతుంది. కళ్లలోని తెల్లటి భాగం పసుపుగా మారితే మాత్రం అది క్యారెట్ పని కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.