ఎదిగే వయసు జిమ్నాస్ట్‌లకు కండిషనింగ్ ఎలా చేయించాలి?

జిమ్నాస్టిక్స్ హాళ్లలో తరచూ కనిపించే తంతు ఒకటుంది. రెండున్నర గంటల ప్రాక్టీస్ అయిపోయి పిల్లలు కాళ్లీడ్చుకుంటూ నీళ్ల బాటిళ్ల వైపు వెళ్తుంటారు. అప్పుడు కోచ్ చప్పట్లు కొట్టి "ఇక కండిషనింగ్!" అంటారు. అంటే బలం, దమ్ము పెంచే వ్యాయామాలు. 50 సిటప్‌లు, 30 పుషప్‌లు, 10 పుల్-అప్‌లు. ముందు పూర్తిచేసినవాళ్లు ముందు ఇంటికి. పిల్లలు మాత్రం తక్కువవాళ్లా? నడుము ఊపుతూ సిటప్‌లు, మోచేతులు సగమే మడిచి పుషప్‌లు లాగించేస్తారు. లెక్క సరిపోతుంది, బలం మాత్రం రాదు. పైగా వంకరగా చేసిన పనే ఒంటికి అలవాటైపోతుంది. ఇక్కడ వంగిన నడుమే రేపు హ్యాండ్‌స్టాండ్‌లోనూ (చేతుల మీద తలకిందులుగా నిలబడటంలోనూ) వంగుతుంది.

అందుకే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికంతటికీ ఒకటే షరతు: షేప్ (ఒళ్లు ఉండాల్సిన ఆకారం) చెదిరిన క్షణంలో సెట్ (ఆగకుండా వరసగా చేసే విడత) ఆపేయాలి. చార్టులో 8 అని రాసి ఉన్నా సరే, ఐదోసారికే కాళ్లు విడిపోతే ఆ రోజుకి లెక్క 5. సుమారు 8 నుంచి 15 ఏళ్ల మధ్య ఉండి, వారానికి నాలుగైదు రోజులు ప్రాక్టీస్ చేస్తూ పోటీలకు వెళ్లే పిల్లల కోచ్‌లనూ, వాళ్ల అమ్మానాన్నలనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

1. ముందు ఎత్తు కొలవండి

వ్యాయామాల చార్టు కంటే ముందు ఒక నోట్‌బుక్ కావాలి. మూడు నెలలకోసారి ప్రతి పిల్ల ఎత్తూ అందులో రాయండి. అమ్మాయిలు సాధారణంగా 11–12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు 13–14 ఏళ్లప్పుడు ఒక్కసారిగా పొడుగవుతారు. జిమ్నాస్ట్‌లలో ఇది కాస్త ఆలస్యంగా రావడం కూడా మామూలే. ఆ నెలల్లో ముందు ఎముకలు సాగుతాయి, కండరాలు వెనకబడతాయి. నిన్నటిదాకా నేలకు ఆనిన స్ప్లిట్ (కాళ్లు రెండు వైపులా పూర్తిగా చాచి కూర్చోవడం) ఇవాళ ఆనదు. చేతులు, కాళ్లు పొడుగైనందుకు అదే లెగ్ లిఫ్ట్ బరువెక్కుతుంది. వచ్చిన స్కిల్ పోయిందని పిల్లకి టెన్షన్, బద్ధకించిందని కోచ్‌కి అనుమానం. నోట్‌బుక్‌లో 3 సెంటీమీటర్లు పెరిగిందని కనిపిస్తే ఇద్దరికీ ఊరటే. అలాంటప్పుడు గెంతులు, గట్టి నేల మీద ల్యాండింగ్‌లు తగ్గించి, షేప్ పనినీ నెమ్మదిగా చేసే బలం పనినీ కొనసాగించండి.

బలం వ్యాయామాలు చేస్తే ఎత్తు ఆగిపోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. పద్ధతి తెలిసినవాళ్ల పర్యవేక్షణలో చేస్తే అలా జరగదు. ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరలు ఈ వయసులో నాజూకుగా ఉండే మాట నిజమే. కానీ వాటికి అసలు పరీక్ష బరువులు కాదు, వేల సార్లు జరిగే ల్యాండింగ్‌లు. దొర్లుళ్లు, గెంతులు ముగించి దిగేటప్పుడు కాళ్ల మీద పడే బలం ఒంటి బరువుకు పది రెట్లు కూడా దాటవచ్చు. దానికి ఒంటిని సిద్ధం చేయకుండా వదిలేయడమే అసలు ప్రమాదం.

ఇంకో సంగతి. యుక్తవయసు రాకముందు ఎంత శిక్షణ ఇచ్చినా కండ పెద్దగా కనపడదు. బలం మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే ఉన్న కండరాన్నే నరాలు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. అందుకే ఈ వయసులో శుభ్రంగా చేసిన 5 రెప్‌ల (ఒకసారి చేస్తే ఒక రెప్) ముందు అలసటతో చేసిన 30 దిగదుడుపే.

2. ఎక్కడున్నారో చూసుకోండి

ఆరు పరీక్షలు చాలు: హాలో హోల్డ్ (వెల్లకిలా పడుకుని ఒళ్లు బిగించి పట్టడం, వివరం కింద ఉంది) ఎన్ని సెకన్లు, పుల్-అప్‌లు ఎన్ని, బార్‌కు వేలాడి కాళ్లు బార్ దాకా ఎన్నిసార్లు ఎత్తగలరు, గోడవైపు ముఖం పెట్టి హ్యాండ్‌స్టాండ్ ఎంతసేపు, నిలుచున్న చోటు నుంచి ఎంత ఎత్తు ఎగరగలరు, ఒంటికాలి స్క్వాట్‌లో మోకాలు లోపలికి పడుతోందా లేదా. పిల్లను తన పాత లెక్కతోనే పోల్చండి. గోడ మీద ర్యాంకుల పట్టిక వద్దు.

3. హాలో: అన్నిటికీ పునాది

కండిషనింగ్‌లో ఒక్కటే నేర్పే అవకాశం ఉంటే నేను హాలోనే ఎంచుకుంటాను. కారణం తేలికే. ఒక కర్రను నిలువుగా నేలకేసి కొడితే పైకి లేస్తుంది. తడి తువ్వాలును కొడితే అక్కడే చతికిలబడుతుంది. స్ప్రింగ్‌బోర్డ్ మీద పడిన జిమ్నాస్ట్ కథా అంతే. ఒళ్లు బిగువుగా ఉంటే బోర్డు ఇచ్చిన శక్తి ఎగరడానికి పనికొస్తుంది, నడుము దగ్గర వదులైతే అక్కడే ఆవిరవుతుంది.

వెల్లకిలా పడుకోబెట్టండి. నడుము కింది భాగం నేలకు పూర్తిగా అతుక్కోవాలి, మీ వేళ్లు కిందికి దూరకూడదు. చేతులు చెవుల పక్కన, కాళ్లు కలిపి, వేళ్లు చాచి, భుజాల ఎముకలు నేల వదిలేలా లేవాలి. నడుము లేస్తోందంటే ఆ స్థాయి ఇంకా రాలేదన్నమాట. అప్పుడు మోకాళ్లు పొట్ట వైపు మడవండి, చేతులు పక్కలకు దించండి. 10–20 సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు చాలు. అది కుదిరాక పడవలా ముందుకూ వెనక్కూ ఊగడం, అంటే హాలో రాక్. తర్వాత బోర్లా పడుకుని ఆర్చ్. అక్కడ నడుమును విరవడం కాదు, పిరుదులు బిగించి ఛాతీ, తొడలు కలిపి ఎత్తడం ముఖ్యం.

పిల్లలకు బాగా నచ్చే పరీక్ష ఒకటుంది. పిల్ల వెల్లకిలా బిగుసుకుని పడుకుంటుంది, మీరు చీలమండలు పట్టుకుని పైకెత్తండి. భుజాలు మాత్రం నేల మీద ఉండి, ఒళ్లంతా పలకలా ఒక్కసారే లేవాలి. నడుము దగ్గర మడత పడితే ఎక్కడ వదులుందో పిల్లకే తెలిసిపోతుంది, మీరు అరవక్కర్లేదు.

ఇంతటితో చాలామంది ఆగిపోతారు. నేల మీది హాలో నేల మీదే ఉండిపోతే ఏం లాభం? అదే షేప్‌తో బార్‌కు వేలాడాలి, అదే షేప్‌తో పుషప్ పొజిషన్‌లో ఉండాలి, చివరికి అదే షేప్ తలకిందులైతే హ్యాండ్‌స్టాండ్ అవ్వాలి.

4. లాగడం, నెట్టడం, మడవడం

పుల్-అప్ రాని పిల్లను బార్ కింద నిలబెట్టి "లాగు, లాగు" అంటే రాదు. బాక్స్ ఎక్కి గడ్డం బార్ పైన పెట్టించి, 4–5 సెకన్ల పాటు నెమ్మదిగా దిగమనండి. మూడు నాలుగు సార్లు దిగితే ఒక సెట్. కొన్ని వారాల్లో మొదటి పుల్-అప్ దానంతటదే వస్తుంది. తర్వాత కాళ్లు కలిపి హాలోలో పుల్-అప్, ఆ తర్వాత కాళ్ల సాయం లేకుండా తాడెక్కడం.

నెట్టే బలానికి గోడవైపు ముఖం పెట్టిన హ్యాండ్‌స్టాండ్‌ను మించింది లేదు. గోడకు వీపు పెట్టి చేస్తే నడుము విల్లులా వంగడం అలవాటవుతుంది, కాబట్టి ముఖం గోడవైపే ఉండాలి. మోచేతులు మడవకుండా భుజాలను చెవుల దాకా నెట్టి వదలడం 6–8 సార్లు చేయించండి. చూడటానికి ఏమీ కనపడదు. వాల్ట్ టేబుల్ మీద చేతులు తాకి ఎగిరే ఆ లిప్తలో పనిచేసేది ఈ బలమే.

మడవడం అంటే కూర్చుని, కాళ్లు తిన్నగా చాచి, చేతులు మోకాళ్ల పక్కన ఆనించి, మడమలు నేల నుంచి ఎత్తడం. పది సార్లకే తొడలు పట్టేస్తాయి. ప్రెస్ హ్యాండ్‌స్టాండ్ (గెంతకుండా, నెమ్మదిగా కాళ్లెత్తి చేతుల మీద నిలబడటం) రాకపోవడానికి భుజాల బలహీనతే కారణమనుకుంటారు గానీ, చాలామందిలో లోటు ఇక్కడుంటుంది.

వీటికి 3–4 సెట్లు, సెట్‌కి 4–8 రెప్‌లు, మధ్యలో ఒకటిన్నర రెండు నిమిషాల విశ్రాంతి. ఇంకో ఒకటి రెండు చేయగలను అనిపించినప్పుడే ఆపాలి. జిమ్నాస్ట్‌లు ఎంతసేపూ నెట్టే పనే ఎక్కువ చేస్తారు కాబట్టి, రబ్బర్ బ్యాండ్‌ను వెనక్కి లాగడం, భుజాన్ని బయటికి తిప్పడం వారానికి రెండు మూడు సార్లు చేర్చండి. రింగ్స్ చేసే అబ్బాయిలు ముందు చేతులు తిన్నగా పెట్టి, రింగుల మీద ఒంటిని మోసే సపోర్ట్‌లో కదలకుండా 20–30 సెకన్లు నిలవాలి. ఫొటోలు చూసి క్రాస్ (చేతులు రెండు పక్కలా చాచి శిలువలా నిలవడం) కోసం తొందరపడితే ముందు దెబ్బతినేవి మోచేతులే.

5. కాళ్లు, ముఖ్యంగా ల్యాండింగ్

గెంతు నేర్పినంత శ్రద్ధగా దిగడం నేర్పరు. 30 సెంటీమీటర్ల బాక్స్ మీద నుంచి కిందికి అడుగు వేయించండి. దూకడం కాదు, అడుగు వేసి దిగడం. ముందు పాదాల ముందు భాగం, వెంటనే మడమలు. మోకాళ్లు కాలివేళ్ల వైపే వంగాలి, తుంటి వెనక్కి వెళ్లాలి, ఛాతీ కూలకూడదు. దిగి 3 సెకన్లు విగ్రహంలా నిలవాలి. మీరు కళ్లు మూసుకుని చప్పుడు వినండి. దబ్‌మని వినిపిస్తే కండరాలు పనిచేయలేదు, బరువంతా కీళ్లే మోశాయి. మెత్తగా వినిపించేదాకా ఎత్తు పెంచొద్దు.

దీని వెనక బలం కావాలి. రెండు కాళ్ల స్క్వాట్, తర్వాత ఒంటికాలి స్క్వాట్, పిరుదుల బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని తుంటి ఎత్తడం), ఒక్కో కాలి మీద మడమలెత్తడం. తొడ వెనక కండరాలను మాత్రం మర్చిపోవద్దు. ఈ పిల్లలకు అవి బాగా సాగుతాయి, కానీ సాగినంత బలంగా ఉండవు. వాటికో వ్యాయామం: పిల్ల మోకాళ్ల మీద నిలబడితే ఎవరైనా చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. తల నుంచి మోకాళ్ల దాకా తిన్నగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలి, పడిపోయేటప్పుడు చేతులు పెట్టేయాలి. మొదట్లో 3 రెప్‌లు రెండు సెట్లు చాలు, ఎక్కువైతే మర్నాడు మెట్లు దిగలేరు. బార్‌బెల్ పద్ధతి కర్రతో కుదిరాక, పక్కన తెలిసినవాళ్లు ఉంటే తేలిక బరువుతో మొదలుపెట్టొచ్చు. తొందరేం లేదు.

పెద్ద గెంతులు వారానికి రెండు రోజులే, అదీ ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు. గట్టి మ్యాట్ మీద ల్యాండింగ్‌లు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి, మిగతావి ఫోమ్ పిట్ (స్పాంజి ముక్కలు నింపిన గుంత) లేదా మెత్తటి మ్యాట్ మీద.

6. ఏ నొప్పికి ఆగాలి?

కండరం పట్టేయడం వేరు, ఎముక నొప్పి వేరు. చేతుల మీద బరువు వేసినప్పుడు మణికట్టు బొటనవేలి వైపు నొప్పి, మడమ వెనక నొప్పి, మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి ముట్టుకుంటే నొప్పి, ఈ మూడూ ఎదుగుదల పొరల మీద ఒత్తిడికి గుర్తులు కావచ్చు. నడుము వెనక్కి వంచినప్పుడు ఒక పక్కన నొప్పి వచ్చి రెండు వారాలైనా తగ్గకపోతే వెన్నుపూసలో సన్నటి పగులు కావచ్చు, స్పోర్ట్స్ డాక్టర్ చూడాల్సిందే. "ఓర్చుకో, అదే పోతుంది" అనే మాట ఇక్కడ పనికిరాదు. మణికట్టు మీద బరువు వేయకూడని రోజు కాళ్ల పనీ హాలో పనీ చేసుకోవచ్చు.

7. దమ్ము కోసం ఊరంతా పరిగెత్తించొద్దు

మహిళల ఫ్లోర్ రొటీన్ (నేల మీద చేసే ప్రదర్శన) గరిష్ఠంగా 90 సెకన్లు, బీమ్ (సన్నటి దూలం) మీదిది కూడా అంతే. వాల్ట్‌కు పరుగు 25 మీటర్లు దాటదు. అంటే కావాల్సింది ఒకటిన్నర నిమిషం పేలుడులా పనిచేసి, చివరి టంబ్లింగ్ పాస్‌లోనూ (వరస పల్టీల్లోనూ) షేప్ నిలబెట్టుకునే దమ్ము. అరగంట జాగింగ్ దీనికి పెద్దగా సాయపడదు, ఆ పాదాలకు ఇంకొన్ని దెబ్బలు మాత్రం చేరుస్తుంది. బదులుగా సగం రొటీన్ చేయించి 30 సెకన్లు ఆపి మిగతా సగం చేయించండి. లేదా తాడాట, బేర్ వాక్ (చేతులు, కాళ్ల మీద ఎలుగులా నడవడం), హాలో రాక్, తేలిక గెంతులు కలిపి 60–90 సెకన్ల సర్క్యూట్, మధ్యలో 2–3 నిమిషాల విశ్రాంతి, నాలుగు సార్లు.

8. వారంలో ఎక్కడ పెట్టాలి?

వార్మప్ చివర పది నిమిషాలు షేప్ పని, రోజూ. గెంతులున్న రోజు ఆ శిక్షణ దాని వెంటనే. బలం పని వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, 25–30 నిమిషాలు మించకుండా. అది చివర్లోనే పెట్టాల్సి వస్తే ఆ రోజు ఒక అపరేటస్ (బార్, బీమ్ లాంటి పరికరం) తగ్గించండి. నిమిషాల తరబడి కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచ్‌లు గెంతులకు ముందు వద్దు, అవి చురుకుదనాన్ని తగ్గిస్తాయి. వాటి చోటు ప్రాక్టీస్ చివర. మూడు వారాలు మెల్లగా పెంచి, నాలుగో వారం సెట్లు సగానికి తగ్గించండి. పోటీకి వారం పది రోజుల ముందు కూడా అంతే: రెప్‌లు తగ్గించాలి, వేగం తగ్గకూడదు.

ప్రాక్టీస్ అయ్యాక "ఇవాళ ఎంత కష్టమనిపించింది, 10కి ఎంత?" అని అడిగి రాసుకోండి. ఎప్పుడూ 6 చెప్పే పిల్ల మూడు రోజులు వరసగా 9 అంటే ఏదో తేడా ఉంది. నిద్రా? పరీక్షలా? జ్వరం వచ్చేలా ఉందా?

నిద్ర అంటే 12 ఏళ్ల లోపు వాళ్లకు 9–12 గంటలు, 13 దాటినవాళ్లకు 8–10 గంటలు. తిండి విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను: అందరి ముందూ బరువు తూచడం మానేయండి. ఖర్చయిన శక్తికి తగ్గ తిండి లేకపోతే ఎముకలు బలహీనపడతాయి, గాయాలు మానవు, అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది. దీన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ప్రత్యేక సమస్యగా గుర్తించింది. నెలసరి ఆగడం కష్టపడుతున్నందుకు గుర్తు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలని గుర్తు.

ఇంకొకటి, కండిషనింగ్‌ను శిక్షగా వాడొద్దు. బీమ్ మీద నుంచి పడితే 20 పుషప్‌లు అనే కోచ్, పడటం తగ్గించట్లేదు. పుషప్ అంటే అసహ్యం పెంచుతున్నారు.

మూడు నెలలకోసారి ఆ ఆరు పరీక్షలూ మళ్లీ పెట్టండి, పక్కనే ఎత్తు కూడా రాయండి. పుల్-అప్‌లు 7 నుంచి 5కి పడిపోయి, ఎత్తు 3 సెంటీమీటర్లు పెరిగి ఉంటే, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని రెండు అంకెలూ కలిపి చూపించండి. చార్టులో ఒక మెట్టు కిందికి దించి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.