టెక్సాస్ బోర్డర్‌లో ఒక వీకెండ్: కొన్‌హుంతో మ్యూజిక్, బార్బకోవా ఎలా ఎంజాయ్ చెయ్యాలి

లాంగ్ వీకెండ్ వస్తే హ్యూస్టన్, ఆస్టిన్, డల్లాస్‌లో ఉండే మనవాళ్ళు సౌత్ పాడ్రే బీచ్‌కి వెళ్ళొచ్చేస్తారు గానీ ఆ పక్కనే ఉన్న శాన్ బెనీటో, బ్రౌన్స్‌విల్ ఊళ్ళల్లో ఆగేవాళ్ళు తక్కువ, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మెక్సికన్ అమెరికన్ల కొన్‌హుంతో సంగీతం పుట్టి పెరిగింది ఆ రియో గ్రాండే వ్యాలీ చుట్టుపక్కలే. ఈసారి ఒక శని, ఆదివారం దానికే ఉంచుకోండి.

వెళ్ళేముందు ఇంట్లోనో కార్లోనో కొంచెం వినాలి, వినకుండా వెళ్తే అన్ని పాటలూ ఒకేలా అనిపిస్తాయి. మొదట అకార్డియన్ వాయించే నార్సీసో మార్తీనెస్ (1911–1992) పాత రికార్డులు వినండి. జర్మన్, చెక్ వలసదార్ల వల్ల ఈ ప్రాంతానికి బటన్ అకార్డియన్, పోల్కా అనే డ్యాన్స్ సంగీతం వచ్చాయి. నార్సీసో చేసిన పనేంటంటే ఎడమచేతి వైపు ఉండే బాస్ బటన్లని దాదాపు వదిలేసి, ఆ పని మొత్తం పక్కన బాహో సెస్తో అనే గిటార్ లాంటి వాయిద్యం వాయించే శాంతియాగో అల్మేదాకి అప్పజెప్పి, తను కుడిచేత్తో ట్యూన్ మీదే పడ్డాడు, 1930ల మధ్యలో రికార్డులు చేశాడు, ఈ సంగీతం తీరే మారిపోయింది. అంత పేరున్న మనిషి పొలాల్లో కూలి చేశాడు, ట్రక్కు నడిపాడు, బ్రౌన్స్‌విల్ జూలో జంతువుల్ని చూసుకునే పని కూడా చేశాడు. 1983లో దేశం మొత్తమ్మీద జానపద కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఆయనకి వచ్చింది. ఆయన తర్వాత వలేరియో లొంగోరియా, టోనీ దె లా రోసా, ఫ్లాకో హిమేనెస్ వినండి. పాట కోసమైతే లిడియా మెండోసా, పన్నెండు తీగల గిటార్‌తో ఒక్కత్తే పాడుతుంది, ఆ గొంతులో ఎక్కడా తళుకుబెళుకులుండవు, నాకు అందుకే ఇష్టం. పాత రికార్డులు యూసీఎల్ఏ వాళ్ళ ఫ్రోంతేరా కలెక్షన్‌లో ఆన్‌లైన్‌లో వేలల్లో ఉన్నాయి.

బ్యాండ్ ముందు నిలబడినప్పుడు ఏం చూడాలంటే, అకార్డియన్ తిత్తిని చూడండి. మన పద్య నాటకాల హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే గాలి ఎలా కొట్టినా అదే స్వరం పలుకుతుంది కదా, ఇక్కడ అలా కాదు, అదే బటన్ నొక్కి తిత్తి మూస్తే ఒక స్వరం, లాగితే ఇంకో స్వరం. కాబట్టి వాయించేవాడు వేళ్ళతో పాటు తిత్తి దిశ కూడా ప్రతి క్షణం మారుస్తూనే ఉండాలి, ఆ పోల్కాల్లో వచ్చే కుదుపు, ఊపు చాలావరకు అక్కణ్ణుంచే వస్తుంది. ఆ పక్కన బాహో సెస్తోకి పన్నెండు తీగలు, రెండేసి చొప్పున ఆరు జతలు. బాస్, డ్రమ్స్ కలిస్తే బ్యాండ్ పూర్తయినట్టే, నలుగురు చాలు. మరియాచీ అనే ఇంకో మెక్సికన్ సంగీతం కూడా వ్యాలీలో బాగా నడుస్తుంది, హైస్కూళ్ళల్లో పిల్లలు అద్భుతంగా వాయిస్తారు, కానీ అది మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం వైపు నుంచి వచ్చింది, ఈ మట్టిది మాత్రం కొన్‌హుంతోనే, టైమ్ తక్కువుంటే ముందు దీనికే వెళ్ళండి.

శాన్ బెనీటోలో నార్సీసో పేరు మీద కల్చరల్ ఆర్ట్స్ సెంటర్ ఉంది, కొన్‌హుంతో మ్యూజియం ఉంది, ఆ ఊళ్ళోనే పుట్టిన గాయకుడు ఫ్రెడ్డీ ఫెండర్ బొమ్మ వాటర్ ట్యాంక్ మీదే కనిపిస్తుంది. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడో క్యాలెండర్ చూసుకుని బయల్దేరండి. మే నెలలో కుదిరితే శాన్ ఆంటోనియోలో 1982 నుంచి నడుస్తున్న తెహానో కొన్‌హుంతో ఫెస్టివల్ కూడా ఉంది, అది బోర్డర్ ఊరు కాదు గానీ బ్యాండ్లన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఇక తిండి. బార్బకోవా శని, ఆదివారాల పొద్దునపూట తిండి, ఆలస్యంగా లేస్తే అయిపోతుంది. బ్రౌన్స్‌విల్‌లో వెరాస్ అనే చోట ఇప్పటికీ నేలలో గొయ్యి తవ్వి, మెస్కీట్ కట్టెల నిప్పుల్లో ఆవు తలకాయల్ని రాత్రంతా మగ్గబెడతారు. బీఫ్ తినేవాళ్ళకే ఇది, అలవాటు లేనివాళ్ళని బలవంతపెట్టకండి. పౌండ్ల లెక్కన అమ్ముతారు, మొదటిసారైతే కచేతే అడగండి, అంటే బుగ్గ మాంసం, మెత్తగా ఉంటుంది. వేడి టోర్టియాలో, అంటే వాళ్ళ పల్చటి రొట్టెలో, కొంచెమే పెట్టి, ఉల్లిపాయ, కొత్తిమీర, సాల్సా వేసి, మడిచి వెంటనే తినెయ్యాలి, చల్లారితే కొవ్వు గడ్డకట్టి రుచి పోతుంది. కారం కావాలంటే చీలే పికీన్ అనే మిరపకాయ అడగండి, బఠాణీ గింజంత ఉంటుంది గానీ మనవాళ్ళకి కూడా గట్టిగానే తగులుతుంది.

వెజిటేరియన్లకి బంగాళాదుంప, బీన్స్, నోపాలితోస్ అంటే ముదరని నాగజెముడు ముక్కలు, ఇవన్నీ ఉన్నాయి కానీ ఒక జాగ్రత్త, గోధుమపిండి టోర్టియాల్లో, రిఫ్రైడ్ బీన్స్ అనే మెదిపిన బీన్స్‌లో పంది కొవ్వు వేసే అలవాటుంది, ఆర్డరిచ్చేముందు "తియేనే మంతేకా?" (పంది కొవ్వు ఉందా?) అని అడిగెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు. మొక్కజొన్న టోర్టియాల్లో మామూలుగా ఉండదు.

సాయంత్రం డ్యాన్స్‌కి వెళ్తే కుర్చీలో కూర్చుని ఫోన్‌లో వీడియో తీసుకుంటూ ఉండిపోవద్దు ప్లీజ్, అది డ్యాన్స్ చెయ్యడానికే పుట్టిన సంగీతం. జంటలన్నీ గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో ఫ్లోర్ చుట్టూ తిరుగుతుంటాయి, మీరూ అదే దిశలో వెళ్ళాలి, ఎదురెళ్ళకూడదు, నెమ్మదిగా చేసేవాళ్ళు మధ్యలో ఉంటే బెటర్. కాళ్ళు ఎత్తెత్తి వెయ్యక్కర్లేదు, నేలకి రాస్తూ చిన్న చిన్న అడుగులు వేస్తే చాలు. డెబ్భై ఏళ్ళ జంటలు ఉంటారు చూడండి, వాళ్ళ వెనకే తిరగండి, రెండు పాటల్లో వచ్చేస్తుంది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు, హెచ్ వన్, ఎఫ్ వన్ వీసాల మీద ఉన్నవాళ్ళు ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఐ 94 (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే ఎంట్రీ రికార్డు) తప్పకుండా పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో యూఎస్ 77 మీద సరీటా దగ్గర, యూఎస్ 281 మీద ఫల్‌ఫూరియాస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లున్నాయి, అమెరికా దాటకపోయినా అక్కడ ఆపి అడుగుతారు. వంతెన దాటి అటు మెక్సికోలోకి నడిచెళ్దాం అనిపిస్తే మాత్రం వీసా సంగతి లాయర్‌ని అడిగాకే వెళ్ళండి.