రాతిపువ్వునూ పెద్ద గబ్బిలాన్నీ ఎలా పోల్చాలి?

రెండు జీవులను పోల్చమంటే అందరూ పులినీ సింహాన్నీ తెస్తారు. దూరపు జంటను పోలిస్తేనే చూపు పదునెక్కుతుంది. అందుకే పిల్లలకు నేను బిర్యానీలో వేసే రాతిపువ్వునూ, మా దేవరకొండ వైపు చింతచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాన్నీ ఇస్తాను.

చార్టు, స్కేలు, భూతద్దం చాలు. రాతిపువ్వు ఒక లైకెన్, అంటే రాళ్లకూ చెట్ల బెరడుకూ అంటుకుని పెరిగే పొర. దాన్ని కిరాణా కొట్లో కొనండి. గుట్టల మీది లైకెన్లను గీకొద్దు. అవి వేరే జాతులు, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. పొట్లంలో రెండు మూడు రకాలు కలిసి వస్తాయి. పైన బూడిద రంగు, అడుగున నలుపు ఉన్న వెడల్పాటి ముక్కను ఏరండి. గబ్బిలాలను పొద్దుగూకే వేళ దూరం నుంచే చూడండి. కింద పడ్డదాన్ని ముట్టుకోవద్దు, వాటిలో నిఫా వైరస్ ఉండొచ్చు.

ఇప్పుడు అరలు గీయాలి. అందరూ ఇక్కడే చెడగొడతారు. రెండు అరలు గీసి "లైకెన్ తన తిండి తానే చేసుకుంటుంది" అని రాసేస్తారు. ఎన్ని చార్టుల మీద కొట్టేశానో! లైకెన్ ఒక్క జీవి కాదు. ముక్క మీద నాలుగు నీళ్ల చుక్కలు వేసి చూడండి: గరగరలాడేది మెత్తబడి, బూడిద రంగులోంచి ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. ఆ పచ్చదనం శైవలానిది, అంటే నాచు లాంటి జీవిది. మిగతా ఒళ్లు దాదాపు అంతా శిలీంధ్రానిది, అంటే బూజు, పుట్టగొడుగుల కోవకు చెందినదానిది. రాతిపువ్వుకు పెట్టిన పార్మోట్రెమా పెర్లాటమ్ అనే జాతి పేరు కూడా శిలీంధ్రానిదే.

కాబట్టి నిలువు అరలు మూడు: శైవలం, శిలీంధ్రం, గబ్బిలం. ఈ వరుస మార్చొద్దు. ఇక అడ్డు అరలు. "తిండి" దగ్గరికి రండి. ఎండతో చక్కెర వండేది శైవలం ఒక్కటే. శిలీంధ్రం ఆ చక్కెర తింటుంది, గబ్బిలం మర్రిపండు రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. రెండూ ఒకరు వండింది తినేవే! "చుట్టరికం" అరలోనూ అంతే. శిలీంధ్రం తనలో కాపురమున్న శైవలం కన్నా గబ్బిలానికే దగ్గరి బంధువు. ఒకదాని మీద ఒకటి ఎక్కే రెండు సున్నాలు గీసే పద్ధతి నాకు నచ్చనిది ఇందుకే, ఈ సంగతి అందులో ఎక్కడా పట్టదు.

మిగతావి తేలిక. కొలత: గబ్బిలం రెక్కలు చాపితే మీటరు దాటుతుంది, ముక్కను స్కేలుతో కొలవండి. సంతానం: గబ్బిలానికి మామూలుగా ఏడాదికి ఒక్క పిల్ల. రాతిపువ్వు అంచున భూతద్దంలో పొడి కనిపిస్తుంది. దాని ప్రతి రేణువులో శిలీంధ్రపు పోగులూ శైవల కణాలూ కలిసే ఉంటాయి. ఈ ఒక్క అడ్డు అరలో మాత్రం మొదటి రెండు గళ్లను కలిపేయండి.